లెక్కల వాక్యమునకు అన్వయము



ఒక చిన్న లెక్కతో నా ప్రసంగమును ఆరంభించెదను. ఒక రైతు పరపతి సంఘములో వేయి రూపాయలు అప్పు తీసికొనెననుకొనుడు. వడ్డీ మాట ప్రస్తుతమునకు విడిచిపెట్టుదము. అతడు మొదట 200 రూపాయలును, పిమ్మట 150 రూపాయలును చెల్లించెను. నిలువ బాకీ ఎంత? అడిగిన మాత్రమున మీలో ప్రతివారును 650 రూపాయలని చెప్పుదురు. షావుకారు ఆవర్జాలోను, బడిపిల్లవాని పలకమీదను అదియే ఉండును. ఈ లెక్కనే మనము అలవాటు చొప్పున

1000 - 200 - 150

అని వ్రాసి, నేడు నేను చెప్పబోవు గణనభాష తెలిసిన యంత్రమున కిచ్చితిమేని, అది క్షణము తడవు లేక 950 అని బదులు చెప్పును. రైతు 350 రూపాయలు చెల్లించినను పుస్తకములో 50 రూపాయలే తగ్గినవి. యంత్రము చెడిపోలేదు. దానికి తీసివేత తెలియక పోలేదు. అది మన వాక్యమును మనము చదివినట్లు చదువలేదు; అంతియే భేదము. ఆ భేదము వలన ఒక కుటుంబముమీద 300 రూపాయల లేని బాకీ వచ్చి పడినది.

ఇట్లేల జరిగెను? యంత్రము వాక్యమును ఏ విధముగా చదువును? చదివి, ఏ క్రమమున పని చేయును? ఇదియే నేటి ప్రసంగ విషయము. నేడు బ్యాంకులలోను, సంఘములలోను, కచేరీలలోను మన లెక్కలన్నియు కంప్యూటరులే చేయుచున్నవి. వానికి మాటలు నేర్పువారు మన పిల్లలే. కావున ఆ మాటల తీరు కొంతయైన మనకు తెలిసియుండుట మేలు. ఇందు తెలియరాని గూఢవిద్య ఏదియు లేదు. పురాణకాలక్షేపము విన్నవారికి, పద్యమునకు అర్థము చెప్పుట ఎరిగినవారికి, ఇది సుళువుగనే బోధపడును.

పద్యమునకు అర్థము చెప్పువారు ఏమి చేయుదురు? మొదట సంధులు విడదీసి పదచ్ఛేదము చేయుదురు. పిమ్మట ఏ పదము ఏ పదముతో కలియునో చూచి అన్వయించుదురు. అటుపిమ్మట ప్రతిపదార్థము చెప్పుదురు. కడపట తాత్పర్యము తేల్చుదురు. పదములన్నియు సరిగా తెలిసియు అన్వయము తప్పినచో అర్థము తారుమారగును. విశేషణమును ఒకరికి చేర్చవలసినది వేరొకరికి చేర్చితిమేని రాముని గుణము రావణునికి అంటుకొనును. లెక్కల వాక్యములకును ఈ నాలుగు మెట్లే కలవు. మన రైతు లెక్కలో తప్పినది అంకెలు కాదు, అన్వయము.

నేను చెప్పుచున్న భాషకు 'జె' అని పేరు. ఆంగ్ల వర్ణమాలలోని ఒక్క అక్షరమే దాని నామధేయము. దీనికి మూలపురుషుడు కెన్నెత్ ఐవర్సన్ అను గణితశాస్త్రజ్ఞుడు. ఆయన 1920వ సంవత్సరమున కెనడా దేశములోని ఆల్బర్టా రాష్ట్రమున కామ్రోజ్ పట్టణ ప్రాంతమున సేద్యపు కుటుంబములో జన్మించెను. ఒకే గది గల బడిలో ఓనమాలు దిద్దుకొని, తొమ్మిదవ తరగతితో చదువు మాని, పొలము పనిలో దిగెను. అవి లోకమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించిన దినములు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికోద్యోగములో చేరి, అచ్చట నుండియే తపాలా పాఠముల ద్వారా ఆగిపోయిన చదువును సాగించెను. యుద్ధము ముగిసిన పిమ్మట కళాశాలలో ప్రవేశించి, 1954లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, అచ్చటనే ఉపాధ్యాయుడయ్యెను.

పాఠము చెప్పునప్పుడు ఆయనకు ఒక చిక్కు తోచెను. గణితపు వ్రాతకు ఒక పద్ధతి లేదు. కూడిక గుర్తు రెండు సంఖ్యల నడుమ నుండును. వర్గమూలపు గుర్తు సంఖ్యకు ముందుండును. క్రమగుణితపు గుర్తు సంఖ్యకు వెనుక నుండును. ఘాతమునకు గుర్తే లేదు. పైమూలను చిన్న అంకె వేయుదురు. గుణకారమున కొక్కొక్కప్పుడు ఏమియు లేక, అక్షరములను ప్రక్కప్రక్కన ఉంచుదురు. శిష్యుడు ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క ఆచారము కంఠస్థము చేయవలసివచ్చును. అన్నిటిని ఒకే కట్టుబాటులోనికి తేవలెనని సంకల్పించి ఆయన ఒక క్రొత్త లిపిని కల్పించెను. 1960లో ఐ.బి.యం. సంస్థలో చేరి, 1962లో ఆ లిపిని వివరించు గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథనామములోని మూడు పదముల మొదటి అక్షరములు కూర్చి ఆ భాషకు 'ఏ.పీ.ఎల్.' అని పేరిడిరి. 1966 నాటికి అది ఐ.బి.యం. వారి యంత్రముమీద నడువసాగెను. 1979లో ఐవర్సనునకు కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమగు ట్యూరింగు బహుమానము లభించెను.

ఏ.పీ.ఎల్. లిపిలో వింత గుర్తులు అనేకములు. వానికి ప్రత్యేకమైన మీటల పలకయు, ప్రత్యేకమైన అచ్చు అక్షరములును కావలసియుండెను. ఆ కష్టము తీర్చుటకై ఐవర్సను రోజర్ హుయి అను సహచరునితో కూడి, సాధారణమైన టైపు యంత్రపు గుర్తులతోనే పని జరుగునట్లు 1990లో జె భాషను వెలువరించెను. గుర్తులు చాలకపోయినచోట, ఉన్న గుర్తునకే ఒక చుక్కనో రెండు చుక్కలనో చేర్చి క్రొత్త పదము కల్పించెను. మన అక్షరమునకు సున్న చేరినను విసర్గ చేరినను పలుకు మారుటలేదా? ఇదియు అట్టిదే. కూడిక గుర్తు ఒంటిగా నున్న కూడిక. దాని ప్రక్కన రెండు చుక్కలు నిలువుగా పెట్టిన రెట్టింపు. ఐవర్సను 2004లో పరమపదించెను. ఆ భాష నేటికిని వాడుకలో నున్నది.

జె భాషయందు మరియొక విశేషము కలదు. ఇందలి పదములకు ఐవర్సను వ్యాకరణశాస్త్రపు పేర్లే పెట్టెను. సంఖ్యలును సంఖ్యల వరుసలును నామవాచకములు. కూడిక, తీసివేత మొదలగునవి క్రియలు. క్రియయొక్క నడవడిని మార్చునవి క్రియావిశేషణములు. రెంటిని జతపరచి క్రొత్త క్రియను పుట్టించునవి సంయోజకములు. క్రియ ఒక్క నామముమీద పని చేసిన ఏకకర్మకమనియు, ఇరుప్రక్కల రెండు నామములను గైకొనిన ద్వికర్మకమనియు మన మాటలలో చెప్పుకొనవచ్చును.

ఇక పదచ్ఛేదము. యంత్రమునకు మొదట కనబడునది ఒక గుర్తుల వరుస. దానిని పదములుగా విడదీయును. ఇక్కడ ముఖ్యమైన సూత్రమొకటి కలదు: నడుమ చోటు విడిచి వరుసగా వ్రాసిన సంఖ్యలన్నియు కలిసి ఒకే పదమగును. 200 150 అని వ్రాసిన అవి రెండు పదములు కావు. రెండు సంఖ్యలు గల ఒక్క నామము. మూడు పొలములలో పండిన ధాన్యము 12, 15, 18 బస్తాలైన, 12 15 18 అనునది ఒక్క పదము. బస్తా ధరలు వేరువేరుగా 2000, 2100, 1900 రూపాయలైన, అదియు ఒక్క పదమే. గుణకారమునకు ఈ భాషలో నక్షత్రపు గుర్తు. కావున

12 15 18 * 2000 2100 1900

అనినచో యంత్రము బస్తాలను ధరలను జతజతగా హెచ్చవేసి, 24000 31500 34200 అను వరుసను ఒక్కమారే ఇచ్చును. ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క ఆజ్ఞ ఇయ్యనక్కరలేదు. మూడు పొలములైనను, మూడు వేల పొలములైనను, వాక్యమొక్కటియే. ఇందుచేతనే దీనిని వరుసల భాష యందురు.

ఇక అన్వయము. ఇదియే మన కథకు ప్రాణము. మనము బడిలో నేర్చిన ఆచారమేమి? ముందు గుణకార భాగహారములు. పిమ్మట కూడిక తీసివేతలు. సమానమైన వానిలో ఎడమనుండి కుడికి. జె భాషలో ఈ పెద్దచిన్న తారతమ్యము లేదు. క్రియలన్నియు సమానములే. ప్రతి క్రియయు తనకు కుడివైపున ఉన్న సర్వస్వమును ఒక్క మూటగా గైకొనును. ఎడమవైపున మాత్రము తనను అంటియున్న నామమునే గైకొనును. కావున పని కుడికొసను మొదలై ఎడమకు సాగును. మనకిది పూర్తిగా కొత్త కాదు. అంకెల నడక ఎడమవైపునకు అని మన పెద్దల సూత్రము కలదు. శాసనములలో శకవర్షమును మాటలలో చెప్పినప్పుడు ఆ మాటలను ఆ క్రమముననే అంకెలు చేసి చదువుదురు.

2 * 3 + 4 అనిన, బడి లెక్క ప్రకారము 6 నకు 4 చేర్చి 10. జె లెక్క ప్రకారము 3 నకు 4 చేర్చి 7, దానిని రెట్టింపు చేసి 14. అట్లే మన రైతు లెక్కలో మొదటి తీసివేత గుర్తు తన కుడివైపునగల 200 - 150 అను మూట నంతటిని గైకొనినది. ఆ మూట విలువ 50. వేయిలో 50 తీసివేసిన 950.

యంత్రములోపల ఈ పని ఎట్లు జరుగునో చూతము. కుండల దొంతరను మీరెరుగుదురు. క్రొత్త కుండను పైననే పెట్టవలెను. తీయవలసినను పైదానినే తీయవలెను. యంత్రమును పదముల కొక దొంతరను ఏర్పరచుకొనును. వాక్యపు ఎడమకొసను ఒక హద్దురాయి పాతును. పిమ్మట కుడికొస నుండి ఒక్కొక్క పదమును తీసి దొంతరమీద పెట్టును. పెట్టిన ప్రతిమారును పైనున్న నాలుగు పదములను మాత్రము పరిశీలించును. ఆ నలుగురి పొందిక తాను నేర్చిన కొలది మాదిరులలో ఒకదానికి సరిపడినచో, ఆ పని అప్పుడే జరిపి, ఆ పదములను తీసివేసి, వాని స్థానమున ఫలితమును పెట్టును. సరిపడనిచో మరియొక పదమును తెచ్చును. ఇట్టి మాదిరులు పదికి లోపుగనే కలవు. అన్వయమును ప్రతిపదార్థమును వేరువేరుగా గాక చెట్టాపట్టాలు వేసికొని నడచుట ఇందలి విశేషము.

మన వాక్యమును పరీక్షింపుడు. మొదట 150 దొంతర కెక్కును. దానిపై తీసివేత గుర్తు. దానిపై 200. ఇక తీసివేయవచ్చునుగదా అని మనకు తోచును. యంత్రము తొందరపడదు. 200 నకు ఎడమప్రక్కన ఎవరున్నారో చూడక దానిని ముట్టుకొనదు; ఏలయన అచ్చట ఒక సంయోజకమున్నచో ఆ 200 దాని సొత్తగును. కావున మరియొక పదమును తెచ్చును. అది మొదటి తీసివేత గుర్తు, అనగా ఉత్త క్రియ. అభ్యంతరము లేదు. 200 లో 150 పోగా 50. ఇప్పుడు దొంతరలో తీసివేత గుర్తు, దాని క్రింద 50. పిమ్మట 1000 వచ్చును. మరల ఎడమప్రక్క చూచును, అచ్చట హద్దురాయి. వేయిలో 50 పోగా 950. హద్దురాయియు ఒక్క నామమును మిగిలినవి, పని ముగిసినది. అదియే తాత్పర్యము.

చూచితిరా! ప్రతి అడుగును న్యాయముగనే వేసినది. ఎక్కడను తడబడలేదు. ఇట్టి తప్పు పట్టుకొనుట కష్టము. యంత్రము కొన్ని తప్పులకు ఎదురుతిరుగును. మూడు సంఖ్యల వరుసను రెండు సంఖ్యల వరుసతో కూడుమనిన, పొడవులు సరిపోలేదని నిలిచిపోవును. జత దొరకని పదమున్నను నిలిచిపోవును. వ్యాకరణము కుదిరి, అభిప్రాయము మాత్రము తప్పినప్పుడు అది నోరు మెదపదు. వ్రాసినవాని మనసులో నేమున్నదో దానికెట్లు తెలియును?

మరి రైతు లెక్కను సరిగా వ్రాయుట ఎట్లు? మన గుమాస్తాలు చేయునట్లే చేయవలెను. జమలన్నియు కూడి, ఆ మొత్తమును అప్పులోనుండి తీసివేయవలెను. జె భాషలో అది

1000 - +/ 200 150

అని యగును. ఇందలి ఏటవాలు గీత ఒక క్రియావిశేషణము. తన ఎడమనున్న క్రియను గైకొని, 'ఈ పనిని వరుసలోని సంఖ్యలన్నిటి నడుమను జరుపుము' అని చెప్పును. కూడికకు అది చేరగా మొత్తము వేయుట అను క్రియ పుట్టినది. క్రియావిశేషణములును సంయోజకములును క్రియలకంటె ముందుగా తమ పని ముగించుకొనును. ఇది రెండవ సూత్రము. దొంతరలో జరుగునది చూడుడు. 200 150 అను ఒక్క నామము ఎక్కును; దానిపై ఏటవాలు గీత, దానిపై కూడిక, దానిపై తీసివేత. పై నలుగురిని చూచి యంత్రము కూడికను ఏటవాలు గీతను ముడివేసి ఒక్క క్రియ చేయును. పిమ్మట 1000 వచ్చును. ఇప్పుడు నాలుగు పదములు: 1000, తీసివేత, మొత్తము, వరుస. మొత్తమను క్రియకు ఎడమను నామము లేదు, క్రియ కలదు. కావున అది ఏకకర్మకము. వరుసను కూడి 350 చేయును. తరువాత వేయిలో 350 పోగా 650. రైతు బాకీ సరిపోయినది.

ఇక్కడ మూడవ సూత్రము కనబడుచున్నది. క్రియకు ఎడమప్రక్కన నామమున్న ద్వికర్మకము, లేకున్న ఏకకర్మకము. ఒకే క్రియ ఈ రెండు తావులలో రెండు పనులు చేయును. తీసివేత గుర్తు ఒంటిగా నామముమీద నిలిచిన దానిని ఋణసంఖ్యగా మార్చును. రెండు నామముల నడుమ నిలిచిన తీసివేయును. నక్షత్రమునకు ఏటవాలు గీత చేర్చి */ 1 2 3 4 అనిన, ఆ నాలుగు సంఖ్యలను హెచ్చవేసి 24 అనును. దానినే రెండు వరుసల నడుమ ఉంచి

1 2 3 4 */ 1 2 3 4

అనిన, మన బాల్యమున వల్లెవేసిన ఎక్కముల పట్టిక లేచి నిలుచును:

1 2 3 4
2 4 6 8
3 6 9 12
4 8 12 16

పదము మారలేదు. ప్రక్కవారు మారిరి; అర్థము మారినది. మన భాషలోను 'పెట్టు' అను మాట అన్నము ప్రక్కన ఒక తీరుగను, పేరు ప్రక్కన ఒక తీరుగను పలుకుటలేదా?

సంయోజకమునకు ఒక్క ఉదాహరణము చెప్పి విడిచెదను. రెట్టింపు అను క్రియను +: అని వ్రాయుదురని చెప్పియుంటిని. ఒక పనిని ఇన్నిమారులు చేయుమని చెప్పు సంయోజకము ^: అనునది. +:^:3 అనిన మూడుమారులు రెట్టింపు చేయుట. (+:^:3) 5 అనిన 10, 20, 40 అని నడచి 40 చేరును. ఇందలి 3 అను నామము కుడివైపునగల క్రియలకు చెందదు. సంయోజకము దానిని ముందే కట్టివేసికొనినది. యంత్రము ఎడమప్రక్క చూడక నామమును ముట్టుకొనదని ఇంతకుముందు చెప్పినది ఇందుకొరకే.

ఇక కుండలీకరణములు, అనగా బ్రాకెట్లు. ఇవి అన్ని సూత్రములను మించినవి. కుడివైపు నుండి వచ్చు యంత్రమునకు మొదట మూత కనబడును. ఆ మూతనుండి దాని జోడువరకు గల భాగమును ముందుగా తేల్చి, ఫలితమును మాత్రము మిగిల్చి బ్రాకెట్లను పారవేయును. మన లెక్కను (1000 - 200) - 150 అని వ్రాసినను 650 వచ్చును.

బ్రాకెట్టు ఎంత పని చేయునో చూపుటకు ఐవర్సను వ్యాకరణములోని చక్కని కూర్పు నొకదానిని చెప్పెదను. వరుసలో ఎన్ని సంఖ్యలున్నవో లెక్కించు క్రియకు గుర్తు #. భాగహారమునకు గుర్తు %. మూడు పొలముల సగటు పంట కావలెను. దానిని

(+/ % #) 12 15 18

అని వ్రాయుదురు. మాటలలో చెప్పిన, 'మొత్తము భాగించు సంఖ్య'. బ్రాకెట్టులోపల మూడు క్రియలు వరుసగా నిలిచియున్నవి, నామము లేదు. ఇట్లు మూడు క్రియలు చేరినప్పుడు అవి త్రిశూలమువలె ఒక్క క్రియయగును. ఇరుప్రక్కల మొనలు వేరువేరుగా వరుసమీద పని చేయును. నడిమిది ఆ రెండు ఫలితములను కలుపును. మొత్తము 45, సంఖ్య 3, భాగించిన 15. సగటు పొలమునకు 15 బస్తాలు. సగటు అనగా నేమో ఐదారు గుర్తులలో చెప్పివేసినారు.

ఆ బ్రాకెట్లను తీసివేసి +/ % # 12 15 18 అని వ్రాసితిమా, సూత్రము ప్రకారము కుడినుండి నడక. ముందు లెక్కించిన 3. భాగహారపు గుర్తునకు ఎడమను నామము లేదు; కావున అది ఏకకర్మకమై, ఒకటిని 3 చేత భాగించి 0.333333 చేయును. ఒక్క సంఖ్యను మొత్తము వేసిన అదియే. పొలమునకు 15 బస్తాలు పండినచోట మూడింట ఒక బస్తా పండినట్లు లెక్క తేలును. ఇదియు యంత్రము మారుమాట లేక చెప్పును.

ఇంత ప్రమాదమున్నప్పుడు ఐవర్సను బడి ఆచారమును ఏల విడనాడెను అని మీరడుగవచ్చును. ఆయన సమాధానము ఆలోచింపదగినది. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము అని నాలుగే క్రియలున్నంతవరకు వానిలో పెద్దచిన్న చెప్పుకొనవచ్చును. క్రియలు పదులకొలది యైనప్పుడు ఏది దేనికి పెద్ద? 'సి' అను ప్రసిద్ధమగు మరియొక గణనభాషలో ఈ తారతమ్యములు సుమారు 15 మెట్లు కలవు. వానిని తడుముకొనక చెప్పగలవారు పనిలో ఆరితేరినవారిలోను కొందరే. పంక్తిభోజనమున అందరిని ఒకే వరుసను కూర్చుండబెట్టినచో ముందెవరికి వడ్డించవలెనను తగవే లేదు. కొస నుండి మొదలుపెట్టుటయే.

చదువుటకును ఇందులో ఒక సౌకర్యమున్నది. యంత్రము కుడినుండి పని చేసినను, మనిషి ఎడమనుండి చదువుకొనవచ్చును. +/ 12 15 18 * 2000 2100 1900 అను వాక్యమును 'మొత్తము వేయుము — దేనిని? బస్తాలను హెచ్చవేసినదానిని — దేనిచేత? ధరలచేత' అని ఎడమనుండియే చదువుకొందుము. మొదటి మాటలోనే ఫలితము మొత్తమని తెలిసినది, తక్కినది వివరము. యంత్రము మాత్రము కుడి కొసనుండి నడచి 89700 రూపాయలని చెప్పును.

అయినను వెల లేని సుఖము లేదు. బాల్యమునుండి చేతికి అలవడిన ఆచారమును మానుకొనుట ఆ వెల. వ్రాయువాడు జె సూత్రము నెరిగియు, అలవాటు చొప్పున చేయి జారినచో, నష్టపోవువాడు వ్రాసినవాడు కాడు. ఆ పుస్తకములో పేరున్న రైతు. ఏ సూత్రము మంచిదను వాదము పండితులు చేసికొనవచ్చును. బడి సూత్రమైనను మనుష్యులు పెట్టుకొనిన కట్టుబాటే గాని ఆకాశమునుండి ఊడిపడలేదు. ఇరువురు ఒకే కట్టుబాటును అంగీకరించినప్పుడు ఏదైనను మంచిదే. ఒకడు ఒకటి తలచి వ్రాయగా మరియొకడు వేరొకటి తలచి చదివినప్పుడే చిక్కు. పాత దస్తావేజులలో ఒక విభక్తి, ఒక హద్దుమాట తప్పి, అన్నదమ్ములు తరతరములు వ్యాజ్యెములాడుట మీరెరుగనిది కాదు.

కావున నా మనవి యిది. మీ పిల్లలు ఈ విద్య నేర్చుచుండిన, యంత్రము చెప్పినది గదా అని తృప్తిపడవలదని చెప్పుడు. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క నొకదానిని ఇచ్చి, యంత్రమును పరీక్షింపుమనుడు. వేయిలో 200, పిమ్మట 150 అను లెక్క చాలును. 650 అనినచో ఒక తీరు, 950 అనినచో మరియొక తీరు. ఏ భాషయైనను ఆ ఒక్క ప్రశ్నతో తన అన్వయమును బయటపెట్టుకొనును. సందేహమున్నచోట ఒక జత బ్రాకెట్లు వేయుటకు ఖర్చు లేదు. మీ పేర ఎవరైనను యంత్రపు లెక్క చూపి మీరు లెక్కించినదానికంటె ఎక్కువ బాకీ అనినచో, మీ నోటిలెక్కను తోసివేసికొనకుడు. 'ఈ లెక్కను ఏ వరుసను చదివినారు?' అని అడుగుడు. అది అమాయకుని ప్రశ్న కాదు. ఐవర్సనును ఆలోచింపజేసిన ప్రశ్నలలో అదియు ఒకటి.

పద్యమునకు తాత్పర్యము తెలియగోరువాడు అన్వయమును అడుగును. లెక్కకును అంతే. ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.